ముడుచుకొన్న పోగు, మూగవోయిన జన్యువు

మామిడి తోటలలోను, బత్తాయి తోటలలోను, ప్రత్తి చేలలోను లేత కొమ్మల సందులను పట్టుకొని, తెల్లని మైనపు పొడిని మేనంతట పూసికొని, చీమలు చుట్టును కావలి తిరుగుచుండ మొక్క రసమును పీల్చుచు కదలక మెదలక పడియుండు పిండినల్లిని ఎరుగని రైతు మన ప్రాంతమున అరుదు. మనకంటబడు ఆ తెల్లని పురుగు ఆడుది. మగది వేరొక జాతి జీవి యేమో యనిపించునట్లు సన్నని దేహముతో, రెక్కలతో, తినుటకు నోరైనను లేక, కొలది దినములు మాత్రము బ్రదికి, ఆ కొలది దినములలోనే జత కూడి రాలిపోవును. రూపమున నింత భేదమున్నను, ఆ రెంటికిని సంక్రమించు జన్యుసామగ్రిలో భేదమేమియు లేదు. మనుష్యులలో మగవానిని నిర్ణయించు వై క్రోమోజోము వంటిది ఈ పురుగునందు లేనే లేదు. నిమ్మజాతి చెట్లను పట్టు పిండినల్లిలో కూతునకైనను కొడుకునకైనను తల్లినుండి ఐదు, తండ్రినుండి ఐదు, వెరసి పది క్రోమోజోములే వచ్చును.

భేదమంతయు ఆ పదింటి అమరికలో నున్నది. కూతుని కణములలో పదియు సడలి, కేంద్రకమంతటను విస్తరించి యుండును. కొడుకుగా పెరుగవలసిన పిండములోనో, తొలి కణవిభజనలు కొన్ని జరిగిన పిదప, తండ్రినుండి వచ్చిన ఐదు క్రోమోజోములును ఒక్కపెట్టున ముడుచుకొని, కేంద్రకములో ఒక ప్రక్కకు చేరి, సూక్ష్మదర్శినిలో నల్లని ముద్దవలె కానవచ్చును. ఆ ముద్దలోని జన్యువులు నోరు మెదపవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో స్పెన్సర్ బ్రౌన్, వాల్టర్ నెల్సన్-రీస్ అను శాస్త్రజ్ఞులు 1961లో ప్రకటించిన పరిశోధన దీనిని నిస్సంశయముగ నిరూపించినది. వారు మగ పురుగులపై ఎక్స్-కిరణములను ప్రసరింపజేసి, వాని క్రోమోజోములను తునాతునకలు గావించి, పిమ్మట ఆరోగ్యవంతములగు ఆడు పురుగులతో జతపరచిరి. కిరణముల మోతాదు పెరిగిన కొలదియు కూతుళ్లు చచ్చినవి, తుదకు ఒక్కటియు మిగులలేదు. కొడుకులు మాత్రము అంతటి మోతాదునకును తట్టుకొని పెరిగినవి. ఏలయన, తండ్రి యిచ్చిన జన్యువులు చెడినను చెడకున్నను కొడుకు వానిని వాడుకొనుటయే లేదు గదా!

ఇంతకంటె విచిత్రమైన సంగతి మరియొకటి కలదు. ఒకే క్రోమోజోము తండ్రినుండి కొడుకునకు వచ్చినపుడు ముడుచుకొని మూగవోవును, కూతునకు వచ్చినపుడు సడలి పనిచేయును, ఆ కూతునుండి మనుమనికి పోయినపుడు తల్లి సొత్తుగా ఎంచబడి అతనిలోను పనిచేయును. మూడు తరముల ఈ ప్రయాణములో దానియందలి రచన ఒక్క అక్షరమైనను మారలేదు. మారినది దాని చుట్టుదల మాత్రమే. పైగా ఈ మౌనము శాశ్వతమును కాదు: మగ పురుగు యొక్క పేగు మొదలగు కొన్ని అంగముల కణములలో ఆ నల్లని ముద్ద తిరిగి సడలుననియు, అందలి జన్యువులు మేల్కొనుననియు ఉజి నూర్ అను శాస్త్రజ్ఞుడు తరువాత చూపెను. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందు శరత్ చంద్ర, ఆయన సహచరులు ఈ పురుగునే చేపట్టి, తండ్రి క్రోమోజోములు ఇట్లు గుర్తింపబడుటకు హేతువేమియో చిరకాలము శోధించిరి. తోటమాలి పాలిటి పీడ జీవశాస్త్రజ్ఞునకు ఇట్లు భాగ్యమైనది.

జన్యువనగా డి.ఎన్.ఏ. పోగుపై వ్రాయబడిన యొక సందేశమని మనకు పాఠశాలలో నేర్పిరి. ఆ సందేశము చదువబడుట, చదువబడకుండుట యనునది మాత్రము ఆ పోగు ఎట్లు చుట్టబడినది, ఎక్కడ నున్నది, ప్రక్కన నేమున్నది అను వానితో పెనవేసికొని యున్నదని నేర్పుటకు ఆ పాఠములలో చోటు చాలలేదు కాబోలు. ఆ పుస్తకములలో క్రోమోజోము బొమ్మ కూడ ఒకందుకు మోసకారియే: రెండు కొయ్యలను అడ్డముగ కట్టినట్లుండు ఆ ఆకారము కణము విభజన చెందు స్వల్పకాలమున మాత్రమే కానవచ్చును, అప్పుడు జన్యువులు దాదాపు అన్నియు పని మానుకొని యుండును. పని చేయునప్పటి క్రోమోజోమునకు గీయదగిన స్థిరరూపమే లేదు.

క్రోమోజోములలో ముడుచుకొన్న భాగములు, సడలిన భాగములు అను ఈ భేదమును తొలిగా కనిపెట్టిన ఘనత ఎమిల్ హైట్జ్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞునిది. ఆయన నాచు వంటి చిరుమొక్కల కణములకు రంగులద్ది పరిశీలించుచు, విభజన ముగిసిన వెనుక క్రోమోజోములలో అధికభాగము సడలి వ్యాపించి కంటికి ఆనకపోగా, కొన్ని భాగములు మాత్రము సడలక గాఢవర్ణముతో నిలిచియుండుట గమనించి, 1928లో ఆ ముడుచుకొన్న భాగములకు హెటెరోక్రొమాటినని పేరిడెను, సడలిన దానిని యూక్రొమాటినని పిలిచెను. ముడుచుకొన్నది జడమైనదని ఆయన ఊహ. అది ఊహయే కాని రుజువు కాదు. రుజువునకు దారి చూపినది 1930లో హెర్మన్ ముల్లర్ అమెరికాలో ఎక్స్-కిరణములకు గురిచేసిన పండ్ల ఈగలు. వానిలో కొన్నిటికి ఎఱ్ఱగా నుండవలసిన కన్ను తెలుపు, ఎఱుపు మచ్చలుగా ఏర్పడినది. తరువాతి పరిశీలనలో తేలినదేమనగా, కంటి రంగునకు వలసిన జన్యువు చెక్కుచెదరలేదు. క్రోమోజోము రెండుచోట్ల తెగి, నడిమి తునక తలక్రిందై తిరిగి అతుకుకొనుటచే అది హెటెరోక్రొమాటినునకు పొరుగున వచ్చి పడినది. ఆ ముడుత కొన్ని కణములలో హద్దు దాటి ప్రాకి జన్యువును కప్పివేయగా అచట తెలుపును, కొన్నిటిలో జన్యువు దాక రాక ఆగిపోగా అచట ఎఱుపును ఏర్పడినవి. ఈగ కంటిలోని ఆ మచ్చలను ఈ శాస్త్రమున కంతకును మూలధనమని చెప్పినను అతిశయోక్తి కాదని నా యభిప్రాయము. నలుపు, నారింజ మచ్చలు కలగలిసిన పిల్లి దాదాపు ఎల్లప్పుడు ఆడుదే యగుటకు కారణము కూడ ఇటువంటి మౌనమే. క్షీరదములలో ఆడుదాని ప్రతి కణములోను రెండు ఎక్స్ క్రోమోజోములలో ఏదో యొకటి ముడుచుకొనునని మేరీ లయన్ అను ఆంగ్ల విదుషి 1961లో వెల్లడించినది.

ఇక ముడుచుట యనగా నేమియో కొంచెము వివరింపవలసి యున్నది. మన శరీరములోని ఒక్కొక్క కణమందును గల నలువదియారు క్రోమోజోముల డి.ఎన్.ఏ.ను కొనకు కొన చేర్చి చాచినచో సుమారు 2 మీటర్లుండును. అది ఇమిడియుండవలసిన కేంద్రకము వ్యాసము మిల్లీమీటరులో నూరవవంతునకు మించదు. సిరిసిల్ల నేతగాడు అగ్గిపెట్టెలో ఇమిడిపోవు చీరను నేసి లోకమును అబ్బురపరచెను గాని, ఆ చీరను కట్టుకొనదలచిన వారు పెట్టెనుండి తీసి మడతలు విప్పవలసినదే. కణమునకు ఆ సావకాశము లేదు, పెట్టెలో నుండగనే, మడతలలో నుండగనే, వలసిన అంచును వలసిన క్షణమున చదువుకొనవలసి యున్నది. కావున ఆ మడత వట్టి సర్దుబాటు కాక, ఏది చదువదగినదో ఏది కాదో తెలుపు నేర్పుగా పరిణమించినది.

మడతలో మొదటి మెట్టు న్యూక్లియోసోము. హిస్టోనులను ప్రోటీనులు ఎనిమిది కూడి ఏర్పడిన చిన్న ఉండపై 147 క్షారజంటల పొడవు గల డి.ఎన్.ఏ. ఒకటిన్నర చుట్లకు పైగా చుట్టుకొని యుండును. ఇట్టి ఉండలు పోగు పొడవునను వరుసగా నుండుటను 1974లో ఓలిన్స్ దంపతులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూపగా, అదే సంవత్సరమున రోజర్ కోర్న్‌బెర్గ్ వాని నిర్మాణమును ఊహించి చెప్పెను. హిస్టోనుల తోకలు ఉండనుండి వెలుపలికి వ్రేలాడుచుండును. ధనవిద్యుదావేశము గల ఆ తోకలు ఋణావేశము గల డి.ఎన్.ఏ.ను గట్టిగ పట్టియుంచును. వానిపై ఎసిటైల్ సమూహము చేరిన యెడల ఆవేశము తగ్గి పట్టు సడలును, జన్యువు చదువు యంత్రమునకు అందుబాటులోనికి వచ్చును. ఈ సంబంధమును విన్సెంట్ ఆల్‌ఫ్రీ 1964లోనే సూచించినను, ఎసిటైలును చేర్చు ఎంజైము జన్యువులను మేల్కొలుపు ప్రోటీనే యని డేవిడ్ ఆలిస్ 1996లో ఒక ఏకకణజీవిలో కనుగొను వరకు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. తోకపై మరియొక చోట మిథైల్ సమూహములు చేరినపుడు ఇందుకు వ్యతిరేకముగ, ముడుచు ప్రోటీనులు వచ్చి పట్టుకొని పొరుగు ఉండలను కూడ తమలో కలుపుకొనును. ముల్లర్ ఈగలలో హద్దు దాటి ప్రాకినది ఇదియే.

పైమెట్టు చోటునకు సంబంధించినది. కేంద్రకములో క్రోమోజోములు ఒకదానిలో నొకటి చిక్కుపడి యుండక దేని ప్రాంతము దానికి ఏర్పడి యుండునని థియొడోర్ బోవెరి 1909లో చెప్పగా, జర్మనీలో క్రెమర్ సోదరులు ఎనుబదవ దశకపు ఆరంభమున లేసరు కిరణముతో కేంద్రకములో ఒక చిన్న బిందువును గాయపరచి, ఆ గాయము కొలది క్రోమోజోములకే పరిమితమగుట చూపి ఆ మాటను నిలబెట్టిరి. మానవుని 18వ క్రోమోజోము, 19వ క్రోమోజోము పరిమాణమున మిక్కిలి భిన్నములు కావు. కాని జన్యువులు పలుచగా నున్న 18వది కేంద్రకపు అంచునను, జన్యువులు క్రిక్కిరిసిన 19వది నడుమను నివసించునని ఎడింబరో శాస్త్రజ్ఞులు 1999లో గుర్తించిరి. అంచున కేంద్రక త్వచమునకు లోపలి వైపున లామినులను ప్రోటీనుల అల్లిక కలదు, మన డి.ఎన్.ఏ.లో మూడవవంతునకు పైగా ఆ అల్లికను అంటిపెట్టుకొని యుండుననియు, అట్లు అంటియున్న జన్యువులలో పెక్కు నిశ్శబ్దముగ నుండుననియు 2008లో తేలినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.యందు వీణా పర్నైక్ ఈ లామినులను గూర్చియు, రాకేశ్ మిశ్రా ఈగల జన్యువుల నడుమ హద్దులుగా పనిచేయు డి.ఎన్.ఏ. ఖండములను గూర్చియు పలు సంవత్సరములు పరిశోధించిరి. లామిను జన్యువులో కలుగు ఒకే యొక మార్పు పసిబిడ్డలకు అకాల వార్ధక్యమును తెచ్చిపెట్టునని 2003లో తెలిసినప్పటినుండి ఇది కేవల పాండిత్య విషయము కాకపోయినది.

చేతివ్రేళ్ల కథ వీటన్నిటికంటె మనోహరమైనది. ఆరవ వ్రేలు అదృష్టమని మన పెద్దలు చెప్పుదురు. ఆ అదృష్టమునకు మూలము సోనిక్ హెడ్జ్‌హాగ్ అను చిత్రమైన పేరు గల జన్యువు పిండములో ఎక్కడ మేల్కొనవలెనో అక్కడనే గాక మరియొక చోటను మేల్కొనుటయే కావచ్చును. ఈ జన్యువును చేతిమొగ్గలో మేల్కొలుపు డి.ఎన్.ఏ. ఖండము దాని ప్రక్కన లేదు. సుమారు 10 లక్షల క్షారజంటల దూరమున, మరియొక జన్యువు నడుమ దాగియున్నది. ఎలుకలో ఆ చిన్న ఖండమును తొలగించినచో కాళ్లు మొండికట్టును, అందు ఒక్క అక్షరము మారినచో అదనపు వ్రేలు మొలచును. పాము కాళ్లు పామునకే ఎరుక యని మనవారందురు. 2016లో అమెరికా పరిశోధకులు కొండచిలువలోను, నాగుపాములోను ఈ ఖండము చెడియుండుట గుర్తించి, పాము ఖండమును ఎలుకలో పెట్టి దాని కాళ్లు మొండియగుట చూచి, ఆ కొండచిలువ ఖండములో లోపించిన 17 అక్షరములను తిరిగి చేర్చినంతనే ఎలుకకు కాళ్లు సలక్షణముగ మొలచుట కూడ చూచిరి. పాము కాళ్ల సంగతి ఈనాడు పామునకే గాక మనకును కొంత తెలిసినట్లే.

అంత దూరమున నున్న ఖండము జన్యువును తాకుటెట్లు? పోగు ఉచ్చుగా మడతపడి రెంటిని చేరువ చేయును. కొహీసిను అను ఉంగరాకారపు ప్రోటీను పోగును పట్టుకొని, దానిని తన లోగుండ లాగుచు ఉచ్చును పెంచుకొనుచుపోవును, సి.టి.సి.ఎఫ్. అను మరియొక ప్రోటీను కూర్చున్న చోట ఆ లాగుడు ఆగును. ఇది ఎవరి ఊహయో కాదు, 2019లో గాజుపలకపై కంటియెదుట జరుగుచుండగా చిత్రింపబడినది. కణములలో ఇట్టి చేరువలను లెక్కించుటకు 2009లో హై-సి యను పద్ధతి వెలువడినది: కేంద్రకములోని డి.ఎన్.ఏ.ను ఉన్నదున్నట్లు ఫార్మాలిన్‌తో బిగించి, తునియలు చేసి, ఒకదాని కొకటి అంటియున్న తునియలను అతికి, అతుకులన్నిటిని చదువుట. ఆ పటములను చూడగా 2012 నాటికి స్పష్టమైనదేమనగా, జన్యురాశి యంతయు కొన్ని లక్షల క్షారజంటల పరిమాణము గల మండలములుగా విభజింపబడి యున్నది. ఒక మండలములోని ఖండములు తమలో తాము ఎక్కువగాను, హద్దు కావల వానితో తక్కువగాను కలియును.

హద్దు చెరిగినచో నేమగును? బెర్లినులో స్టెఫాన్ ముండ్లోస్ బృందము 2015లో దీనికి సమాధానమిచ్చెను. వ్రేళ్లు పొట్టియైన, అతుకుకొన్న, లేక ఎక్కువైన కొన్ని కుటుంబముల జన్యురాశిని వారు పరిశీలింపగా, అవయవ నిర్మాణమునకు వలసిన జన్యువులు చెక్కుచెదరక యున్నవి; ఒక మండలపు హద్దు మాత్రము కొందరిలో తెగిపోయినది, మరికొందరిలో తలక్రిందైనది. ఆ కారణమున ఈ మండలములోని మేల్కొలుపు ఖండము పొరుగు మండలపు జన్యువును చేరి, అకాలమున, అస్థానమున దానిని లేపినది. ఎలుకలలో అట్టి మార్పులనే చేసి చూడగా అవే లోపములు కలిగినవి. జన్యువును చదివి నిర్దోషి యని తీర్మానించు వైద్యునకు ఇది పెద్ద చిక్కు.

ఇంతవరకు చదివిన పాఠకుడు, అమరికయే సర్వమును శాసించునని, చోటు తెలిసినచో జన్యువు గతి తెలిసినట్లేనని నిశ్చయించుకొనుట సహజము. ఆ నిశ్చయమును సడలించు ప్రయోగములును కలవు, వానిని దాచుట న్యాయము కాదు. 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు మానవుని పెద్దప్రేగు కేన్సరు కణములలో కొహీసినును ఒక్కసారిగా నశింపజేయగా, ఉచ్చులన్నియు గంటలోపల మాయమైనవి. అయినను అత్యధిక జన్యువుల పని కొంచెము మాత్రమే తారుమారైనది. 2019లో హైడెల్బర్గ్ పరిశోధకులు క్రోమోజోములు ఎన్నో చోట్ల తెగి అతుకుకొని కలగాపులగమైన ఈగలను పరీక్షించి, మండలముల హద్దులు పెక్కు చెదరినను పొరుగు జన్యువులలో మార్పునకు లోనైనవి కొన్నియే యని కనుగొనిరి. ఇంకను, జన్యువు మేల్కొనుటయే దానిని అంచునుండి నడుమకు లాగిన సందర్భములు కూడ కనబడినవి. కావున అమరిక కారణమా, ఫలమా యను వాదములో ఏ పక్షమునను పూర్తిగా నిలువరాదు. రెండును ఒకదానిని మరియొకటి దిద్దుకొనుచుండునని చెప్పుట నేటికి సాక్ష్యమునకు తగిన మాట.

కంటి వెనుకనుండు దండకణముల వృత్తాంతము ఈ సందేహమును ఇంకను గట్టిపరచును. సాధారణముగ హెటెరోక్రొమాటిను అంచునను, పని చేయు భాగము నడుమను ఉండునని చెప్పితిని గదా. ఎలుక వంటి నిశాచరముల దండకణములలో ఇది తలక్రిందుగా నున్నదని ఇరీనా సోలొవే మొదలగువారు 2009లో వెల్లడించిరి: ముడుచుకొన్నది నడుమకు చేరి ముద్దకట్టును, సడలినది అంచునకు పోవును. పుట్టిన ఎలుకపిల్లలో అమరిక అందరిలో వలెనే యుండి, తరువాతి వారములలో నెమ్మదిగ తిరుగబడును. దీని ప్రయోజనము జన్యువులకు సంబంధించినదే కాదు. చిక్కనైన నడిభాగము గల ఆ కేంద్రకము చిన్న కటకముగ పనిచేసి, చీకటిలో దొరకు కొద్దిపాటి వెలుతురును చెదరనీయక క్రిందికి పంపును. ముడుచుకొన్న భాగమును అంచునకు కట్టియుంచు రెండు పట్టులు, అనగా ఎల్.బి.ఆర్. అను ప్రోటీనును ఏ-రకపు లామినులును, ఆ కణములలో లేకపోవుటయే ఈ తిరుగుబాటునకు హేతువు. అంత తలక్రిందైనను ఆ కణము జన్యువులు తమ పనిని తాము చక్కగా చేసికొనుచునే యున్నవి!

అయితే అదే ఎల్.బి.ఆర్. ముక్కులోని ఘ్రాణకణములలోను లేదు, అచట ఫలితము వేరు. ఎలుక జన్యురాశిలో వాసనలను పట్టు గ్రాహకముల జన్యువులు వెయ్యికి పైగా నున్నవని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లు 1991లో ప్రకటించిన పరిశోధనతో ఆరంభమైన కృషివలన తెలిసినది. ఒక్కొక్క ఘ్రాణకణము వానిలో ఒక్కదానినే, అందును తల్లినుండి వచ్చిన ప్రతినో తండ్రినుండి వచ్చిన ప్రతినో ఎంచుకొని, మిగిలిన వానినన్నిటిని మూయును. ఆ మూయబడినవి వేర్వేరు క్రోమోజోములకు చెందినవైనను, కేంద్రకము నడుమ హెటెరోక్రొమాటినులో గుమిగూడును. ఎంచుకొనబడిన ఒక్కటి మాత్రము ఆ గుంపునుండి వెలుపలికి రాగా, దానిని లేపుటకై పలు క్రోమోజోములనుండి మేల్కొలుపు ఖండములు తరలివచ్చి చుట్టును చేరును. స్టావ్రోస్ లోమ్‌వార్డాస్ బృందము 2012లో ఈ కణములలో ఎల్.బి.ఆర్.ను బలవంతముగ పుట్టించి, గుంపును చెదరగొట్టిరి. అప్పుడు కణమునకు ఎంపిక తప్పినది: మూతపడవలసిన గ్రాహక జన్యువులు పలువిధములుగ ఒకే కణములో మేల్కొనినవి, ఎంచుకొన్న జన్యువు చదువు సన్నగిల్లినది, వాసనను మెదడునకు చేర్చు నాడీతంతువులు తమ గమ్యములను చేరలేక దారి తప్పినవి. కంటిలో వెలుతురు కొరకు మాత్రమే పనికివచ్చిన తలక్రిందు అమరిక, ముక్కులో ఒక జన్యువును తక్కిన వేయింటినుండి వేరుచేయుటకు ఆధారమైనది.